నూట ఏడు ప్రదక్షిణలు

నా గొంతు పోయిన సోమవారం సాయంత్రమే ఎదురింటి అవ్వ మా గుమ్మంలోకి వచ్చింది.

"సారు గొంతు పోయిందట గద?" అని మా ఆవిడను అడిగింది. పరామర్శ అనుకున్నాను. "నేనే మొక్కిన బిడ్డా. చిల్కూరు గుడి సుట్టు పదకొండు తిరిగిన. తెల్లారి అయిదింటికే ఆ... ఆ... అని మొదలువెడ్తడు. నాకు నిద్ర లేదు, నిమ్మలం లేదు."

కోరిక కోరేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. అక్కడి ఆచారం అది.

ఆరేళ్ళు చేవెళ్ళ బస్సులో నిలబడి వెళ్ళి నేర్చుకున్న సంగీతం నాది. మొయినాబాదులో మా చర్చి పెద్ద ఒకాయన దానికిచ్చిన విలువ ఇది: "మీరు రాగం తీస్తే ఒక్క చరణానికే బిర్యానీ సల్లారిపోతది సార్." ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా కూడా నాకు గుర్తుంది. ఏళ్ళ తరబడి వాయిదా వేసి, చివరికి ఈ ఈస్టరుకు కల్యాణి రాగంలో ఒక కీర్తన పాడమన్నారు. ఇంకా పదమూడు రోజులుంది. చేవెళ్ళ డాక్టరేమో పది రోజులు నోరు విప్పొద్దన్నాడు.

అందుకని ఫిర్యాదు కాగితం మీద పెట్టాను. మూడు పేజీలు. పక్కవాడి గొంతు పోవాలని మొక్కడం ఏ మతంలోనూ న్యాయం కాదని, పైగా నేను ఆ గుడికి వెళ్ళే మనిషినే కానని రాశాను. అవ్వకు చదువు రాదు. మా ఆవిడ పేజీలు తిప్పుతూ చదివింది.

"మంచిగున్నవా అవ్వా అని రాసిండు."

"గింత రాసి గదేనా?"

"మోకాళ్ళు ఎట్లున్నయని గూడ అడిగిండు."

"ఏం మంచిగ లేవు. అయినా శనివారం పోయి నూటెనిమిది తిరుగుత. మాటంటే మాటే."

నాకు అప్పుడు భయం పట్టుకుంది. నాకా మొక్కుల మీద నమ్మకం లేదు. కానీ ఇది చెల్లిపోతే నా మౌనం ఖాయమైపోతుందేమో! నమ్మని మొక్కుకు భయపడొచ్చా అని పాస్టరును అడుగుదామంటే నోరు లేదు, రాసి అడగాలంటే సిగ్గు. ఎలాగైనా ఆపించాలని శనివారం నేనూ ఆమె ఎక్కిన ఆటోనే ఎక్కాను.

గుడి దగ్గర అవ్వ నా చేతిలో అంకెల కార్డు, పెన్సిలు పెట్టింది. "నాకు కండ్లు ఆనయి. సుట్టుకొకటి కొట్టెయ్యి సారూ."

రెండు గడులు ఎక్కువ కొట్టేస్తే మొక్కు చెల్లేది కాదు. కానీ ఒకరి చొక్కా రంగు కూడా మరిచిపోలేనివాడికి తప్పు లెక్క వేయడం చేతకాదు. ఎనభై దాటాక ఆమె బరువంతా నా భుజం మీదే పడింది. నూట ఏడు పూర్తికాగానే కూలబడబోయింది.

"ఇంకొక్కటే అవ్వా!" అన్నాను.

బొంగురుగానే, కానీ అందరికీ వినబడేలా అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"నోరొచ్చిందా? మరి నా కోరిక యాడ దీరింది? నేను తిరగ."

గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంతదూరం వచ్చి ఒక్కదాని కోసం ఆగడమేమిటని నేనే బతిమాలాను. కదల్లేదు. అంత మొండి మనిషిని నేను చూడలేదు.

ఈస్టరు నాడు పాడాను. బిర్యానీ చల్లారింది. మధ్యలో లేచిపోయిన నలుగురూ ఎవరో గుర్తు పెట్టుకున్నాను.

ఒక్క గడి ఖాళీగా ఉన్న ఆ కార్డు మాత్రం అవ్వ దగ్గరే ఉంది. ఇప్పటికీ నేను తెల్లవారుజామున సాధన మొదలుపెట్టగానే ఆమె ఎదురుగా అరుగు మీదికి వచ్చి ఒక వేలు ఎత్తి చూపిస్తుంది. నేను గొంతు కాస్త తగ్గించుకుంటాను.