రోము గుడి మెట్ల మీద మా చెప్పులు

కాలేజీ పిల్లల వెంట ఈ ముసలివాడు రోముకు ఎందుకు పోయాడని ఇప్పటికీ అడుగుతారు. ఢోలక్ కోసం పోయాను. ఎనభైల మొదట్లో అక్కడి యువజనుల సభలో తెలుగు పాట పాడమని మా చర్చి విచారణలోని పిల్లలను పిలిచారు. అంత చదివారు గాని ఒక్కడికీ ఢోలక్ పట్టడం రాదు! నేను బడి గడప తొక్కలేదు. అక్షరాలు జపాల పుస్తకంలో నేర్చుకున్నాను, తాళం వర్ధన్నపేట భజనల్లో.

వరంగల్లులో రైలెక్కి బొంబాయి చేరాం, అక్కడి నుంచి విమానం. ఆదివారం తెల్లవారుజామున రోములో దిగి, బస్సులో సిస్టర్లుండే కన్యల మఠానికి పోయాం. బసకు మంచి చోటే. ఫలహారానికి చిన్న గిన్నెడు చేదు కాఫీ, గట్టి రొట్టె ఇచ్చారు.

"రొట్టెనా తాతా, ఇటుకపెళ్లనా?" అన్నాడు మా పిల్లల్లో జోజి.

తొమ్మిదింటికి నడక మొదలుపెట్టాం. పటం మా ఫాదర్ చేతిలో ఉంది. ఏ సందులో దూరినా అదే ఫౌంటెన్ దగ్గర తేలుతున్నాం. మూడోసారి మా పాటగాళ్లలో రోజమ్మ, "ఫాదర్, ఈ ఫౌంటెన్ మనల్ని గుర్తువట్టింది" అంది.

సాయంత్రం ఐదింటికి మేం పాడాల్సిన గుడి మధ్యాహ్నానికి దొరికింది. మెట్ల మీద వరసగా చెప్పులు విప్పి లోపలికి పోయాం, ఫాదర్‌తో సహా. విప్పకుండా ఎట్లా పోతాం? లోపల అందరూ మా పాదాలనే చూస్తుంటే మా భక్తికి మురిసిపోతున్నారనుకున్నాను. బయటికొస్తే మెట్లు ఖాళీ.

"దేవుని ఇంటి ముందు దొంగలా? మన గుడి కాడ ఒక్క జత పోతదా?" అని అరిచాను.

"పోయిన క్రిస్మస్‌కు నీయే పోయినయి గద తాతా" అన్నాడు జోజి.

కాపలాదారు వచ్చి మా పాదాలు చూపి, లోపలికి రావద్దని చెయ్యి ఊపాడు. ఇంటి దగ్గర చెప్పులు వేసుకుంటే బయట, ఇక్కడ వేసుకోకుంటే బయట! ఫాదర్ ఇంగ్లీషులో, సైగల్లో చాలాసేపు తిప్పలు పడితే సంగతి తేలింది. గుడి ముందు వదిలినవి బీదలకిచ్చిన దానమనుకుని ఊడ్చే ఆమె సంచిలో వేసిందట. సంచి తెచ్చింది. అందరివీ ఉన్నాయి, నావి లేవు. అప్పటికే ఎవరికో ఇచ్చేసింది.

"నీయే మంచిగ కనవడ్డయి గావచ్చు తాతా" అంది రోజమ్మ.

ఆదివారం కనుక దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. జోజి చెప్పుల్లో నా పాదం సగమే పట్టింది. ఐదు కావస్తోంది. కాపలాదారు పిల్లలను వదిలి నన్ను ఆపాడు.

"తాత లేకుంటే తాళం లేదు, తాళం లేకుంటే పాట లేదు. మనం గిదానికేనా గింత దూరమొచ్చింది?" అంది రోజమ్మ.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. లోపలికి రాను, గడప దాటను. తలుపు మాత్రం తీసి ఉంచుమను."

గడప బయట కూర్చుని దరువు వేశాను. లోపల పిల్లలు ఎత్తుకున్నారు. రెండో చరణంలో ఒక ముసలివాడు వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. అతని కాళ్లకు నా చెప్పులు! వరంగల్లు మట్టెవాడలో దగ్గరుండి కుట్టించుకున్నవి, గుర్తుపట్టనా? అరుద్దామంటే నోరు తెరిచేలోగా దరువు తప్పుతుంది. చేతులు ఢోలక్‌కు అప్పగించి, కళ్లతోనే ఉరిమి చూశాను. అతను నవ్వి, ఆ చెప్పుల కాలితోనే తాళం వేశాడు. పాట ముగిసింది. చప్పట్లు కొట్టి, నా భుజం తట్టి, మెట్లు దిగి పోయాడు. నేను పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఇప్పటికీ అంతుబట్టదు.

పోయేవారికి నా మాట ఒకటే: అక్కడ చెప్పులు విప్పకండి. ఫాదర్ కొనిచ్చిన గుడ్డ బూట్లతో వరంగల్లు స్టేషన్లో దిగాను. మా ఇంటామె ముందు నా కాళ్లే చూసింది.

"నీ చెప్పులేవి?"

"రోముల తిరుగుతానయి."