పెద్దలు అరగంట మాట్లాడరాదు

2023 వేసవి. కొత్తపేటకి దగ్గర్లో ఒక ఊళ్ళో లైబ్రేరియన్‌గా చేస్తున్నాను. రోజుకి ముగ్గురు పాఠకులు; అందులో ఇద్దరు ఫ్యాను కోసం వచ్చేవారు. అలాంటి చోట బుక్ క్లబ్ పెట్టేను. అంటే, పదేళ్ళు దాటిన పిల్లలూ, వాళ్ళ కేర్‌గివర్లూ ఒకే పుస్తకం చదువుకొచ్చి, శనివారం సాయంత్రం దాని గురించి మాట్లాడుకోవాలి. కేర్‌గివరంటే పిల్లని చూసుకునే మనిషి. అమ్మ కావచ్చు, అమ్మమ్మ కావచ్చు.

మొదటి పుస్తకం ఒక మేకపిల్ల కథ. కుర్రాడు ప్రాణంగా పెంచుకున్న మేకపిల్లని, వాడు బడికెళ్ళినప్పుడు వాళ్ళమ్మ సంతలో అమ్మేస్తుంది.

పిల్లలు నోరు విప్పితే ఒట్టు! "మావాడి ఉద్దేశం ఏంటంటేనండీ" అని నాన్న మొదలెట్టడం, వాడు ఫ్యాను కేసి చూడ్డం. విజయకుమారి టీచరు గారైతే కూతురి చేత ప్రశ్నలూ జవాబులూ రాయించి మరీ తెచ్చేరు. ఆ కూతురు షారోన్‌కి పదకొండేళ్ళు. ఉన్నట్టుండి లేచి, "ఈ అమ్మ చేసింది నాకు నచ్చలేదండి" అంది.

"తప్పు! అమ్మ ఏం చేసినా మన మంచికేనని చెప్పు" అన్నారు టీచరు గారు.

"ఆయ్! నిజమేనండి" అని పెద్దలందరూ తలలూపేరు. మర్యాదకి మనవాళ్ళు పెట్టింది పేరు కదా! ఎదుటి పెద్దమనిషి నొచ్చుకోకూడదు. పక్కనున్న పిల్ల నొచ్చుకుంటే మాత్రం ఎవరికీ కనపడదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండ్రోజుల్లో టీచరు గారు ఇష్యూ కౌంటరుకి, అదే, మేం పుస్తకాలిచ్చే బల్ల దగ్గరికి వచ్చేరు.

"ఈ కథల వల్ల పిల్ల ఎదురు మాట్లాడుతోందండి. శనివారం పుస్తకం ఇచ్చేసి మానిపించేస్తాను."

వెనకాల షారోన్ ఆ పుస్తకం అట్ట అంచుని గోటితో గీకుతూ నిలబడింది.

శనివారం అదే పుస్తకం మీద అందరూ మళ్ళీ కూర్చున్నాక గొంతు సవరించుకుని చెప్పేను. "పైనుంచి జీవో వచ్చిందండి. బుక్ క్లబ్బుల్లో మొదటి అరగంట పెద్దలు మాట్లాడరాదు. ఢిల్లీలో ఒకాయన మాట్లాడితే, ఆయన మునిమనవల దాకా సభ్యత్వం రద్దు చేసేరట."

"కాపీ ఉందాండీ?" అన్నారు టీచరు గారు.

"సర్వరు డౌనండి. అయినా అడగడం కూడా మాట్లాడ్డం కిందకే వస్తుందండి."

షారోన్ లేచింది. "మేకని అమ్మడం తప్పని కాదండి. వాళ్ళకి అవసరమేమో. వాడు ఇంట్లో ఉన్నప్పుడు అమ్మాల్సింది. పాపం, ఊరంతా వెతుక్కున్నాడు." చేతిలో పుస్తకం మూసింది. "మా కుక్కపిల్ల బూందీని నేనూ అలాగే వెతికేనండి. గేటు తీసుంటే పారిపోయిందన్నారు. కాలవగట్టంతా తిరిగేను. అమ్మే ఎవరికో ఇచ్చేసిందని పక్కింటివాళ్ళు చెప్పేరు."

టీచరు గారు ఏదో అనబోయేరు. పక్కనున్న మామ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని, "జీవో అమ్మా!" అని గదిమేరు.

అరగంటయ్యేక, "ఇప్పుడు మాట్లాడొచ్చండి" అన్నాను. టీచరు గారు కూతురి వైపు తిరిగేరు.

"బూందీ పలివెలలో ఉందే. మా హెడ్‌మాస్టారు గారింట్లో. రేపు చర్చి అయ్యేక వెళ్దాం."

"తెచ్చేసుకుందామా?"

"వాళ్ళనడగాలి. నువ్వే అడుగు."

పిల్లలు చదవట్లేదని సభలు పెట్టి ఏడుస్తాం. చదివిన పిల్ల మనకి నచ్చని మాట ఒక్కటంటే చాలు, పుస్తకం లాక్కుంటాం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు బోధపడింది ఇదే. సొంత పిల్ల మాట అరగంట వినడానికి, ఇంతింత మనుషులకి ప్రభుత్వం చెప్పాలా అండీ?