బయట తాళం, లోపల మనిషి

అర్జీలు రాయడంలో నాకు మంచి పేరుండేది. మా ఆయన సూరత్ పక్కన హజీరాలో ఇంజనీరు. నేను సూరత్‌లోనే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నిధుల కోసం దరఖాస్తులు రాసే ఉద్యోగం చేసేదాన్ని. ఏ దాతకు ఏ మాట నచ్చుతుందో ఇట్టే పసిగట్టేదాన్ని. ఈ గొప్పలు ఇప్పుడెందుకంటే, ఆ నేర్పు వల్లే ఒక మనిషికి మందులు ఆగిపోయాయి కాబట్టి.

మొదటి లాక్‌డౌన్ ఎత్తేసిన కొన్నాళ్లకు ఒక పెద్ద దాతృత్వ సంస్థ వాళ్లు దరఖాస్తులు ఆహ్వానించారు. బియ్యం పంచడానికో మాస్కులు కుట్టించడానికో కాదట, బస్తీల ఆరోగ్య వ్యవస్థలో కలకాలం నిలిచే మార్పు తేవడానికట. ఆ మాట నాకు బాగా తలకెక్కింది. దరఖాస్తు మూడో పేజీలో ఒక ప్రశ్న ఉంది. మీ పని ఎవరైనా ఒక్క వ్యక్తి మీద ఆధారపడి నడుస్తోందా అని.

నిజం చెప్పాలంటే మా పని మొత్తం ఒక్క మనిషి మీదే నడిచేది. ఆవిడది తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల్లో పనిచేసే కుటుంబం. ఆరోగ్య కేంద్రం సిబ్బంది అంతా కరోనా పనిలో పడిపోవడంతో, గోడాదరా బస్తీ సందుల్లో క్షయ రోగులకు మాత్రలు అందించే పని మా సంస్థ తీసుకుంది. ఇల్లిల్లూ తిరిగి వాటిని ఇచ్చేది ఆవిడే. నేను అక్కా అనేదాన్ని, నన్ను మేడం అనేది. నాది సినిమా తెలుగని వెక్కిరించేది.

ఆ సందుల్లో ఒక అలవాటుంది. మగవాళ్లు రాత్రి పాళీ చేసొచ్చి పగలు పడుకుంటారు. భార్య తన పనికి పోతూ బయట తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోతుంది. తలుపు కొట్టి ఎవరూ నిద్ర చెడగొట్టకుండా ఉండాలని. తాళం చూసి వచ్చినవాళ్లు వెనక్కి పోతారు. అక్క మాత్రం పక్కింటి గడప ఎక్కి చెవి అడిగి, తలుపు తీసి, మనిషిని లేపి, కళ్లముందే మాత్రలు మింగించి మళ్లీ తాళం వేసేది. ఎవరిది ఏ పాళీ, ఎవరి చెవి ఎవరింట్లో ఉంటుంది అన్నదంతా ఆవిడ బుర్రలోనే ఉండేది.

నేను మాత్రం, మా పని ఏ వ్యక్తి మీదా ఆధారపడదని రాశాను. నిధులు వచ్చాయి. ఇక రాసినదాన్ని నిజం చేసి చూపించాలి కదా. ఫోన్లలో నింపే ఫారం ఒకటి తయారు చేయించాను. కొత్తగా ముగ్గురు అమ్మాయిలను తీసుకున్నాం. అక్కను అక్కడి నుంచి తప్పించి, ఊళ్లో ఇంకో మూలనున్న కోసాడ్ కాలనీల్లో శిక్షణ ఇవ్వమని పంపాను. మూడుసార్లు వెళ్లినా ఇంటికి తాళం ఉంటే సొంతూరు వెళ్లిపోయినట్టు నమోదు చేసి ఆ పేరు మూసేయాలని నియమం పెట్టింది నేనే. ఏసీ గదిలో కూర్చుని రాశాను. ఆ ఏడాది ఆ సందుల్లో సగం గదులు నిజంగానే ఖాళీ అయ్యాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, ఒక్క అక్కకు తప్ప.

ఆవిడ నెలవారీ సమావేశంలో అందరిముందూ చెప్పింది.

"మేడం, తాళం ఉంటే మనిషి లేనట్టు కాదు. రాత్రి పాళీ చేసినోళ్లు లోపల పండుకుంటరు. చెవి పక్కింట్ల ఉంటది. ఫోన్ల జర ఆ ముచ్చట రాసుకునే జాగ పెట్టున్రి."

దాతల తరఫు వాళ్లు పని చూడ్డానికి రావాల్సి ఉంది. మధ్యలో ఫారం మారిస్తే ముందు అంకెలకూ తర్వాత అంకెలకూ పొంతన కుదరదు. తర్వాత చూద్దాం అక్కా అన్నాను. పోనీ సాయంత్రాలు తనే ఆ సందులు ఒకసారి తిరిగొస్తానంది, అక్కడ ఒకాయన ఇంకా రెండు నెలలు మందులు మింగాల్సి ఉందని కూడా చెప్పింది. వద్దన్నాను. మీరు వెళితే కొత్త పద్ధతి దానంతటది నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుందన్నాను. పైకి చెప్పింది ఇది. లోపల నాకు ఒళ్లు మండింది. నేను రాసింది అబద్ధమని ఆవిడ నలుగురిలో నిరూపిస్తోందని మండింది. అంతకుమించి ఇంకే కారణమూ లేదు.

అక్క చెప్పిన ఆ ఒకాయన పేరు మూడో తాళంతో మూతపడింది. సొంతూరు వెళ్లిపోయాడని మా ఫోను చెప్పింది. ఆయన అదే గదిలో రాత్రంతా మగ్గం నడిపొచ్చి నిద్రపోతున్నాడు.

రెండో విడత కరోనా ముదిరిన రోజుల్లో అక్క ఫోన్ చేసింది. ఆయన రక్తం కక్కుతున్నాడని ఎవరో చెబితే, నా మాట పక్కన పెట్టి వెళ్లి చూసొచ్చిందట. ఆసుపత్రిలో చోటు కోసం నేను అందరి కాళ్లూ పట్టుకున్నాను. చోటు దొరికింది గానీ ఆయన ఎక్కువ రోజులు దక్కలేదు. మందులు మధ్యలో ఆగిపోవడం వల్ల జబ్బు తిరగబెట్టిందని డాక్టరు చెప్పాడు.

తర్వాత దాతలతో వీడియోలో సమావేశం జరిగింది. తాళాల సంగతి దాచలేదు. "నేర్చుకున్న పాఠం" అనే శీర్షిక కింద రెండు వాక్యాల్లో చెప్పాను, మనిషి పోయాడని మాత్రం అనలేదు. మా నిజాయితీ వాళ్లకు బాగా నచ్చింది. నిధులు ఇంకో ఏడాదికి పొడిగించారు. ఆయన భార్యకు ఉన్నదున్నట్టు చెప్పి తీరాలని నిశ్చయించుకుని, అక్కను వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్లాను.

ఆమె నేలమీద కూర్చుని చీరకు రాళ్లు అతికిస్తోంది. మమ్మల్ని చూసి చీర పక్కకు జరిపి చాప వేసింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వచ్చాను, తీరా కూర్చున్నాక ఆ పనికి కూలి ఎంతిస్తారని అడిగాను. చివరికి అసలు సంగతి ఆమే ఎత్తింది.

"మందులిచ్చుడు బంద్ జేసిండ్రు గద మేడం, బీమారి పోయిందనుకున్నం. మేమేమన్న తప్పు జేసినమా?"

ఒక్క మాట చాలు. కాదమ్మా, తప్పు నాది అంటే సరిపోయేది. నా నోట వచ్చింది వేరు.

"ఒకసారి వచ్చి అడగాల్సిందమ్మా."

ఆమె తల వంచుకుంది. చేతికంటిన జిగురు గోటితో గీక్కుంది.

"అవ్ మేడం. ఆయనకైతే తెల్వది. నేనన్న అచ్చి అడిగేదుండె. నాదే తప్పు."

నా పక్కన అక్క ఏదో చెప్పబోయింది. నేను ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని లేపి, బయటికి తీసుకొచ్చేశాను.