కవరు మీద పేరు

"ఇది వ్యాపారం మేడమ్. పిండి బాగుంటే సరిపోదు, కవరు మీద మొహం కూడా బాగుండాలి."

మా వంటింటి గుమ్మంలో నిలబడి, నేనిచ్చిన కాఫీ తాగుతూ ఒక కాలేజీ మాస్టారు అన్న మాట ఇది. ఇన్నేళ్లయినా ఇడ్లీ పిండి కలిపినప్పుడల్లా గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. దేవుడి దయవల్ల నాకు కోపం తొందరగా రాదు. ఇది మాత్రం వచ్చింది, మళ్లీ పోలేదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేడమీద గదిలో టాంజానియా అమ్మాయి ఒకతె అద్దెకుండేది. ఎల్బీ నగర్ దాటాక హైవే మీదున్న కాలేజీలో చదువు. సగం బయోటెక్నాలజీ, సగం బిజినెస్. పొద్దున ల్యాబులో సూక్ష్మజీవులు, మధ్యాహ్నం మార్కెటింగు. ఆఖరి సెమిస్టరులో ఎవరికి వాళ్లు ఒక సరుకు సొంతంగా తయారుచేసి, బయటి మనుషులకు అమ్మి చూపించాలి. చెప్పినన్ని అమ్ముడుపోకపోతే ల్యాబులో ఎన్ని మార్కులొచ్చినా డిగ్రీ చేతికి రాదు.

ఒకరోజు నా గుంతపొంగడాల పెనం చూసి ఆ పిల్ల దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. "ఆంటీ, గిదే పెనం మా అమ్మ కాడ ఉంది." బస్సుల్లో, పూలమ్మే ఆమె దగ్గర నేర్చుకున్న తెలుగు అది. వాళ్లూ బియ్యం నానబోసి, రుబ్బి, పులియబెట్టి, కొబ్బరిపాలు పోసి అచ్చం మనలాగే గుంతల్లో కాలుస్తారట. సముద్రానికి అటు ఒక తల్లి, ఇటు నేను, ఒకే పెనం ముందు. ఆ పూట దేవుడి గూటి ముందు కాసేపు ఎక్కువే కూర్చున్నాను.

అక్కణ్ణుంచే ఆమెకు ఆలోచన పుట్టింది. బంద్ వస్తే దుకాణాలుండవు, కరెంటు పోతే ఫ్రిజ్ ఉండదు, మధ్యాహ్నానికి పిండి పులిసి పారబోయడమే. ల్యాబులో ఏదో తోడు తయారుచేసి తెచ్చింది. అది కలిపిన పిండి బయట పెట్టినా మర్నాటికి తియ్యగానే ఉంది. మొదటి వాయి నైవేద్యం పెట్టి, తర్వాత నేనే వీధిలో అందరికీ పంచాను. గిన్నెలు కడిగి తెచ్చి మరీ ఇంకోసారి అడిగారు.

తర్వాత ఆ పిల్లే కవర్లలో పోసి, తన పేరు, చిన్న ఫొటో ఉన్న కాగితం అంటించి, అవే గుమ్మాలకు వెళ్లింది. "మా ఇంట్లో ఉందమ్మా." "మేం బయటి పిండి వాడం." తలుపు వేశాక లోపలి మాట: "అందులో ఏం కలిపిందో ఏమో." మొన్న లొట్టలేసుకుంటూ తిన్నది ఆ పిండే!

పూలామె ఒక్కతే తీసుకుంది. "పేరుంటే మంచిదే గదమ్మా. పులిస్తే ఎవర్ని తిట్టాల్నో తెలుస్తది," అంది.

అమ్మకాలెలా ఉన్నాయో చూడ్డానికి ఆ కాలేజీ మాస్టారు వచ్చింది ఆ వారమే. ఆ పిల్ల పేరు, ఫొటో తీసేసి నా ఫొటో వేయాలట. "మీరు బొట్టు పెట్టుకుని నవ్వితే చాలు మేడమ్."

"పిండి ఆ అమ్మాయిదండీ."

"కొనేవాళ్లకి ఆ సంగతి ఎందుకు?"

ఆ పిల్ల గోడవైపు తిరిగి గిన్నెలు సర్దుకుంటోంది. నేను చిన్నప్పుడు జబ్బుపడి బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు. ఆయన రుణం తీరేది కాదు. అయినా 'ఏ బళ్లో చదివావు' అని ఎవరైనా అడిగితే, మా అమ్మ నా బదులు ఏదో ఒక బడి పేరు చెప్పేసేది. అప్పుడు నేనూ అలాగే గోడవైపు తిరిగేదాన్ని.

"నా బొమ్మ వేయడానికి వీల్లేదు," అన్నాను. కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి నేనే తీసుకున్నాను.

మా వీధి చివర ఒకాయన టిఫిన్ సెంటరు. మా గోదావరి వైపు మనిషే. బోర్డు మీద సొంత ఊరి పేరు రాయించుకున్నాడు. గొడవలకు భయపడి దానికి గోనెపట్టా కట్టాడు. "పుట్టిన ఊరి పేరు దాచుకుని బతకాల్సొచ్చింది చెల్లెమ్మా," అని మా వరండాలో కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు మా గుమ్మంలో పూలు కడుతున్న పూలామె, "గా బోర్డునెవరన్న ముట్టిండ్రా సారూ? మీకు మీరే పరేషాన్ అయితున్రు," అంది. ఆయన వినిపించుకోలేదు. నాకు ఆయన మీద జాలేసింది. అది కూడా చెప్పాలి.

బంద్ ఇంకా మూడు రోజులుందనగా ఆయనే వచ్చాడు. కౌంటరు మీద పెట్టి అమ్మడానికి ఉన్న కవర్లన్నీ కావాలన్నాడు. అవి పోతే ఆ పిల్ల లెక్క సగం తీరినట్టే.

"ఆ కాగితాలు మాత్రం వద్దమ్మాయ్."

ఆమె ఒక్క క్షణం నావైపు చూసింది. "మీరు చింపుకుంటే చింపుకోండి అంకుల్. నేనైతే అంటించే ఇస్త."

మర్నాడు పొద్దున గుడికి పోతూ చూశాను. గోనెపట్టా కట్టిన బోర్డు కింద, చెత్తడబ్బాలో, ఆ పిల్ల ముఖాలు. కొన్ని నిలువునా చిరిగినవి, కొన్ని ఉండచుట్టినవి. లోపల కవర్లు ఒక్కటీ మిగల్లేదు.

"మీ బోర్డు గోనె ఎప్పుడు తీస్తారన్నయ్యగారూ?"

"రోజులు బాగుపడనీ చెల్లెమ్మా. ఎవరి పేరు వాళ్లు చెప్పుకునే రోజులు రావాలిగా."

డబ్బాలోకి చూపించాను. "మరి ఈ పేరుకి?"

ఆయన అటు చూడలేదు. గల్లా పెట్టె సర్దుకుంటూ, "రేపటిక్కూడా పంపమని చెప్పు. జనం అడుగుతున్నారు," అన్నాడు.

గుడికి పోకుండానే ఇంటికొచ్చాను. దేవుడు ఏమీ అనుకోడనిపించింది. ఆ సాయంత్రం కాగితాలు అంటించనివ్వలేదు. చెరగని మార్కర్ పెన్ను తెప్పించి, పిండి పోయకముందే ప్రతి ఖాళీ కవరు మీదా, మా నాన్న ఇంట్లో పలక మీద దిద్దించిన గుండ్రటి అక్షరాలతో, ఆ పిల్ల పేరు తెలుగులో నేనే రాశాను. కవరు నిండా వచ్చేలా, పెద్దగా రాశాను. ఇప్పుడు పేరు చింపాలంటే కవరే చింపాలి. పిండి ఆయన కౌంటరు మీదే కారుతుంది.