సొరుగులో ఉండిపోయిన దరఖాస్తు

నిన్న పంజగుట్ట పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కొత్త ఏడాదికి రాయించుకుందామని వరుసలో నిలబడ్డాను. లోపలెవరో సంచికి సీలు వేస్తున్నట్టున్నారు, లక్క కరిగిన వాసన కిటికీలోంచి వచ్చింది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు రాజేశం మామ రేడియో కనిపిస్తుంది. మీటలకు అడ్డంగా అంటించిన గుడ్డపట్టీ, దాని మీద గడ్డకట్టిన ఎర్రటి లక్క. లైసెన్సు తీసుకోకుండానే వరుసలోంచి బయటికి వచ్చేశాను.

మామను మీరెవరూ చూసి ఉండరు. మగ్గం వదిలి కుట్టుపనికి వచ్చిన కుటుంబం. అమీర్‌పేటలో రోడ్డు వైపు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒకే గోడ. ఆయన నాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. తండ్రి లేని నాకు ఉర్దూ అక్షరాలు దిద్దించి, గుమాస్తా ఉద్యోగానికి అర్జీ పెట్టించింది ఆయనే. చొక్కా కుట్టడం అయిపోయాక దాన్ని తిరగేసి లోపలి కుట్లు ఒక్కొక్కటీ తడిమి చూసేవాడు. ఒకరోజు నవ్వాను. "లోపల ఎవలు చూస్తరు మామా?"

"చూసుడు కాదు బిడ్డా, తొడుక్కున్నోనికి ఒరుస్తది."

బ్యాటరీతో నడిచే పాత రేడియో ఒకటి కొన్నాక దాన్ని ఇంట్లో కాక దుకాణం బల్ల మీద పెట్టాడు. సాయంత్రమైతే వాడంతా మెట్ల మీద చేరేది. "గుడ్డలు కుట్టుడు బందువెట్టి గానాబజానా వెట్టిండు," అని ఆయన భార్య ఈశ్వరమ్మత్త దెప్పేది. "నీకు వినవడ్తలేదా ఏంది? జర పెద్దగ పెడ్త తియ్యి," అనేవాడు.

నా ఉద్యోగం రేడియో లైసెన్సుల దఫ్తరులోనే. ఇంట్లో పెట్టుకునే సెట్టుకు ఒక రకం లైసెన్సు, పదిమంది వినేలా దుకాణంలో పెడితే వేరే రకం. ఆ రెండోదానికి పోలీసు విచారణ ఉండేది. నిజాం పాలన చివరి ఏడాదది. రేడియో ఉన్న ప్రతివాడి మీదా, బయటి వార్తలు వినిపిస్తున్నాడేమోనని అనుమానమే. దుకాణాలకు లైసెన్సు ఇవ్వడం దాదాపు ఆగిపోయింది.

పాత లైసెన్సు గడువు ముగుస్తోందని మామ కొత్త దరఖాస్తు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సెట్టు ఉండే చోటు అన్న గడిలో, ఉర్దూలో గుండ్రటి అక్షరాలతో, దుకాణం అని రాసి ఉంది.

"ఇల్లు అని రాయి మామా. నడుమ ఒక్క గోడనే గద," అన్నాను గొంతు తగ్గించి.

"రేడియో యాడున్నది?"

"దుకాన్ల."

"మరి గదే రాసిన."

సరే, నేను చూసుకుంటానన్నాను. నమ్మి వెళ్లిపోయాడు. కాగితం పైకి పంపితే పోలీసులు వస్తారు. నాలుగు రోజులాగి నచ్చజెప్పి మార్పిద్దామని, రిజిస్టరులో ఎక్కించకుండా నా సొరుగులో పెట్టాను. ఆయన మీద ప్రేమతోనే చేశాను. కానీ ఆయనకా మాట చెప్పలేదు.

వారం తిరక్కుండానే మా అధికారి తనిఖీకి బయలుదేరుతూ ఇద్దరు పోలీసులతో పాటు నన్నూ వెంటబెట్టుకున్నాడు. అమీర్‌పేటలో ఆగిన మొదటి దుకాణం మామదే. పాత లైసెన్సు గడువు దాటిపోయింది.

"కొత్తదానికి దరఖాస్తు ఇచ్చిన సాబ్. మీ దఫ్తర్లనే ఉన్నది," అని మామ నా వైపు చూశాడు.

అధికారి నా వైపు తిరిగాడు. "వచ్చిందా?"

వచ్చిందంటే, రిజిస్టరులో ఎందుకు లేదో చెప్పాలి. ఉద్యోగం పోతుంది. ఆ రోజుల్లో అంతటితో ఆగేది కూడా కాదు.

"రాలేదు సాబ్," అన్నాను.

మామ ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత వంగి, పోలీసులు సెట్టు మీటలకు లక్క సీలు వేసి ఎత్తుకోవడానికి వీలుగా బల్ల మీది గుడ్డముక్కలు తీసి పక్కన పెట్టాడు. గుమ్మంలోంచి అత్త అరిచింది. "ఇచ్చిన ఇచ్చిన అంటివి! నాతోని సుత అబద్ధమేనా?" ఆయన ఆ గుడ్డముక్కలు ఒక్కొక్కటీ మడతపెట్టసాగాడు.

మూడు రోజులు ఠాణాలో కూర్చోబెట్టి పంపారు. రేడియో తిరిగి రాలేదు. దొంగ రేడియో దర్జీ అన్న పేరు వచ్చింది, ఆ దుకాణం మెట్లెక్కడానికి జనం భయపడ్డారు. ఏడాదిన్నరకు ఆయన మంచం పట్టాడు. చెప్పేద్దామనే వెళ్లాను. నేను నోరు తెరవకముందే అడిగాడు.

"నౌకరి మంచిగున్నదా?"

"ఉన్నది మామా."

"జర పైలం. పోగొట్టుకోకు."

తిట్టినా బాగుండేది. ఏమీ చెప్పకుండానే లేచి వచ్చాను. నెలలోపే పోయాడు.

అత్త ఆ తర్వాత పదిహేనేళ్లు బతికింది. నేను కనిపించినప్పుడల్లా అదే మాట. "మీ మామ అన్నిట్ల మంచోడే బిడ్డా. గా ఒక్క అబద్ధం నాతోని ఎందుకు చెప్పిండో ఇప్పటికి సమజ్ కాదు." సొరుగులోంచి ఇంటికి తెచ్చి దాచిన ఆ దరఖాస్తు అప్పటికీ నా పెట్టెలోనే ఉంది. తెచ్చి ఆమె చేతిలో పెడితే చాలు. పెట్టలేదు. పోయిన నెల ఆమె కూడా పోయింది.

ఇప్పుడు రాస్తున్నాను. రాజేశం మామ దరఖాస్తు ఇచ్చాడు. అందులో ఉన్నది ఉన్నట్టు రాశాడు. అబద్ధం చెప్పింది నేను. ఇది తెలియాల్సిన ఒక్క మనిషీ లేకుండా పోయాక దీన్ని ఎవరు చదివితేనేం?

పొద్దున చొక్కా తొడుక్కునే ముందు అలవాటుగా తిరగేసి చూస్తాను. కుట్లు సరిగ్గానే ఉంటాయి. అయినా ఒరుస్తూనే ఉంటుంది.