ఆరుద్ర పేలిపోతుందన్న ఏడాది

బెంగళూరు సర్జాపుర రోడ్డు పక్కన తోపుడు బండి మీద కొన్న అవరెకాయలు, అదే అనపకాయలు, వంటింట్లో కుప్పపోయగానే, వేళ్లకు జిడ్డుగా అంటుకునే ఆ పచ్చి వాసన నన్ను యలహంకలోని మా అవ్వ ఇంటికి, ధనుర్మాసపు చలి పొద్దులకు లాక్కుపోతుంది. తెల్లారకముందే తలస్నానాలు, కుల్లాయిల్లోంచి ముక్కులు మాత్రం బయటపెట్టుకుని శివాలయానికి నడక, పేరూ నక్షత్రమూ చెప్పి అర్చన చేయించుకున్నాక మోదుగాకు దొన్నెలో పొగలు కక్కే మిరియాల పొంగలి, ఇంటికొచ్చి అరుగు మీద అందరం చేరి నానిన గింజల తోలు పితకడం, ఇదీ మా నెల.

ఒక ఏడు మాత్రం ఆ పొంగలి నాకు గొంతు దిగలేదు. డిగ్రీ చదువుతున్న మా మామ పేపరు చూస్తూ, "ఆరుద్ర నక్షత్రం పేలిపోతాదంట, ఎప్పుడైనా" అని తాపీగా అనేసి పేజీ తిప్పాడు. నాది ఆరుద్ర. జన్మనక్షత్రం పేలితే మనిషి మిగలడని తొమ్మిదేళ్ల బుర్రతో నాకు నేనే తేల్చేసుకుని, మర్నాడు పూజారి అడిగితే "రోహిణి" అని అబద్ధమాడాను.

ఇంటికొచ్చే దారిలో ఎందుకలా చెప్పావని అవ్వ అడిగింది, ఏడుస్తూ చెప్పేశాను.

"నాదీ ఆరుద్రేనమ్మా. నేను ఉండాను కదా" అంది. ఇంటికి రాగానే మామను పిలిచి, "బిడ్డ జడుసుకుండాది, సరిగ్గా చెప్పప్పా" అని ఎదురుగా కూర్చోబెట్టింది.

మామ తల గోక్కుంటూ చెప్పాడు. ఆకాశంలో ఎప్పుడైనా అంటే లక్షేళ్లు కావచ్చట. పేలినా మనల్నేమీ చేయదట. దాని ధూళి దూరాన ఉన్న వాయువు మబ్బుల్లో కలిసి, వాటిలో కొత్త నక్షత్రాలు పుడతాయట.

"అంటే పురుడే కదప్పా" అంది అవ్వ, గింజ పితుకుతూ. నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ పూట అన్నం రెండోసారి అడిగి మరీ తిన్నాను.

ఇప్పుడు నా ఉద్యోగమే అది. పేలిన నక్షత్రం తోసిన అల చల్లని మబ్బును ఢీకొన్నచోట ఏం జరుగుతుందో రేడియో టెలిస్కోపుల అంకెల్లో వెతుకుతాను. మామ చెప్పినంత తేలికేం కాదు. కొన్ని మబ్బులు పీలికలవుతాయి, కొన్ని నొక్కుకుపోయి చిక్కబడతాయి, అక్కడున్న పసి నక్షత్రాలు ఆ దెబ్బకే పుట్టాయా, ముందే కడుపున పడ్డాయా అని మేమింకా వాదులాడుకుంటూనే ఉన్నాం. అయినా మన సూర్యుడు పుట్టిన మబ్బులోనూ ఎప్పుడో పేలిన నక్షత్రాల ధూళి ఉందని గుర్తొచ్చినప్పుడల్లా మనసు కుదుటపడుతుంది.

ఆ అరుగు లేదు, అక్కడిప్పుడు మొబైల్ షాపు. అవ్వ పోయి పన్నెండేళ్లు. మా అపార్టుమెంటు దీపాల వెలుగులో చుక్కలు సగం కనిపించవు గానీ, ఆరుద్ర ఎర్రగా, ఎక్కడిదక్కడే ఉంది. నక్షత్రం పేలకపోయినా అవ్వ ఒకనాడు పోతుందని ఆ రోజు నాకు తోచనే లేదు. తోచకపోవడమే మేలైంది.