పట్టాలో లేని జోగమ్మ

కాదన్నానంటే కాదు. మా పెదనాన్న కొడుకు ఎన్ని స్క్రీన్‌షాట్లు పెట్టినా నేను ఒప్పుకోను. అన్నయ్య రెండు నెలలు వెబ్‌సైట్లన్నీ తిరగేసి, స్కాట్లాండులో ఏదో పల్లె జనాభా లెక్కల్లో మా మూలపురుషుణ్ణి నాలుగేళ్ళ పిల్లవాడిగా పట్టుకున్నాడు. మంచిదే. ఆ పిల్లవాడి అక్కచెల్లెళ్ళ పేర్లు, వాళ్ళ నాన్న చేసిన పని, ఆఖరికి ఆ ఇంట్లో కిటికీలున్న గదులెన్నో కూడా ఆ లెక్కల్లో ఉన్నాయి. అదంతా వంశవృక్షంలో ఎక్కించి, మూలపురుషుడి పక్కన మాత్రం ‘స్థానిక స్త్రీ, పేరు తెలియదు’ అని రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. తెలియకపోవడమేమిటి? నా చిన్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, ఆ పేరు నా చేత్తో నేనే రాశాను.

ఆ ఏడాది హైదరాబాదులో బడి మూసే ముందు క్లాసులో ఒక గొప్ప చెప్పుకున్నాను. మా తాతయ్యకు తాత స్కాట్లాండు నుంచి వచ్చిన దొర అని, ఆయనకు అక్కడ కోట ఉండేదని. కోట సంగతి నేను కల్పించిందే. నమ్మలేదు సరికదా, అందరూ కలిసి నన్ను ‘కోట రాణి’ అని పిలవడం మొదలుపెట్టారు. నాకు అసలే కోపం ఎక్కువ. సెలవుల తర్వాత రుజువు తెచ్చి మొహాన కొడతానని ఒట్టు పెట్టాను.

మా తాతయ్యది బోనకల్. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. సెలవులకు అక్కడ దిగీదిగగానే, అమ్మ పాత ఫోను ఊపుకుంటూ ఆయన ముందు నిలబడి దొర పేరున్న కాగితం కావాలన్నాను. ఫోటో తీసుకుంటే నా పని అయిపోతుంది. ఆయన లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో పాత పహాణీల నకళ్ళు ఉన్నాయి. ఊళ్ళో ఏ చెలక ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నారు, ఏం పండించారు అని ఏటేటా రాసి పెట్టే లెక్క అది. అంతా ఉర్దూలో ఉంది. తాతయ్య చిన్నప్పుడు చదువుకున్నది ఉర్దూ బడిలోనే. నాకు మాత్రం చీమలు పాకినట్టు కనిపించింది.

“దొర పేరు యాడికి పోదు బిడ్డా, గదే పట్టాదారు గడి. ముందు సాగు గడి చదువుత, నువ్వు రాసుకో. అన్ని యేండ్లవి రాస్తేనే దొర పేరు.”

“ఫోటో తీస్తే అయిపోద్ది కద తాతయ్యా, రాసుడెందుకు?”

“ఫోటో తీస్తే ఫోన్‌కు యాదుంటది. నీకు ఉండొద్దా?”

విసుక్కుంటూనే నోటుబుక్కు తీశాను. ఆయన వేలు కుడి నుంచి ఎడమకు జరుగుతుంటే నేను ఎడమ నుంచి కుడికి రాస్తున్నాను. జోగమ్మ, ముత్తయ్య బిడ్డ, జొన్న. కాగితం మారింది. జోగమ్మ, ముత్తయ్య బిడ్డ, పెసర. మళ్ళీ జొన్న. మళ్ళీ ఆమే. నాలుగో కాగితానికి నాకు ఒళ్ళు మండింది.

“ఎవరీమె? మన భూమి కబ్జా పెట్టిందా? కేసు వెయ్యలేదా ఎవరూ?”

తాతయ్య కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. “ఎవలేస్తరు బిడ్డా? రైలు వంతెనల పనికొచ్చిన దొర, సెలవని వాళ్ళూరికి పోయిండు. మళ్ల రాలే. ఈడ పట్టా మాత్రం ఆయన పేరునే ఉండిపాయె. నువ్వు రాయి.”

రాశాను. జొన్న, పెసర, జొన్న. తర్వాతి కాగితం దగ్గర ఆయన వేలు ఆగింది. “జోగమ్మ, ముత్తయ్య బిడ్డ,” అన్నాడు. తర్వాత “పడావు” అన్నాడు.

పడావు అంటే విత్తనం వేయకుండా వదిలేసిన చేను అని చెప్పి, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన ముఖం నిండా స్ఫోటకపు మచ్చలుండేవి. అవి పుట్టుకతోనే ఉన్నాయేమో అన్నట్టుగా నేనెప్పుడూ వాటి గురించి అడగలేదు.

“గా యేడు నాకు మశూచి లేచింది. మా అమ్మ కడుపుతోని ఉండె, నా దగ్గరికి రానియ్యలే. మా నాయనమ్మ నన్ను ఎత్తుకపోయి చెలక కాడ గుడిసెల పండవెట్టుకుంది. మంచి వాన పడ్డది. అందరు ఇత్తనాలేసిండ్రు. ఆమె నా పక్కకెల్లి లేవలే. అదును పోయింది, నేను బతికిన.”

“మరి జోగమ్మ ఎందుకు వెయ్యలేదు?”

“జోగమ్మనే మా నాయనమ్మ.”

నేను పేజీ వెనక్కి తిప్పి, జోగమ్మ పేరున్న లైన్లన్నీ మళ్ళీ చదువుకున్నాను. నేను కబ్జా పెట్టిందన్నది ఈమెనే. తాతయ్య తన మాట తప్పలేదు. “ఇగ దొర పేరు రాసుకో” అని మొదటి గడి చదివాడు. అదీ రాసుకున్నాను. ఒక్క లైను పట్టింది.

ఆమె సంగతి ముందే చెప్పొచ్చు కదా అని ఆ సాయంత్రం ఆయన మీద అలిగాను. “నేను చెప్తే ముసలోని కథ అంటవ్. రాసినంక ఎట్ల మర్సిపోతవ్?” అన్నాడు. నిజంగానే మరచిపోలేదు. బడి తెరిచాక మా తాతయ్య నాయనమ్మ గురించి చెబితే క్లాసు మళ్ళీ నవ్వింది. ఒకమ్మాయి జడ పట్టుకుని లాగి టీచరు ముందు నిలబడ్డాను. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు తాతయ్య లేడు. ఆ రోజు నుంచి నాకొక అలవాటు మిగిలింది. ఏ కాగితం చేతికొచ్చినా, ఫోనులో ఏ లిస్టు తెరిచినా, హక్కుదారు ఎవరన్నది తర్వాత చూస్తాను. ఆ పని రోజూ చేసిందెవరో ముందు వెతుకుతాను. అన్నయ్య ఆ వెబ్‌సైట్లలో దొర ఇంటిపేరు కొట్టి వెతికితే తండ్రి పేరుతో ఉన్న జోగమ్మ ఎక్కడ దొరుకుతుంది? పహాణీ సంగతి గ్రూపులో రాస్తే, పెళ్ళి రికార్డు ఉందా అని అడిగాడు. లేదు, ఉండదు కూడా. మనవడి ప్రాణం కోసం ఏడాది తిండి వదులుకున్న మనిషిని నాయనమ్మ అనడానికి పెళ్ళి కాగితం కావాలని మీలో ఎవరంటారు?